బోటు లాగే బండికి ఎలాంటి క్యామ్ వేయాలి

అమెరికాలో పాత షెవర్లే సిల్వరాడో పికప్, 5.3 లీటర్ ఇంజిన్ బండితో బోటో ట్రెయిలరో లాగేవాళ్లు క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) మార్చేముందు ఇది చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ గుడగుడమంటూ ఊగే శబ్దం వినగానే ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగింది, కానీ ఆ శబ్దం ఇచ్చే క్యామ్ బలమంతా పైన 5,000 ఆర్‌పీఎం వైపు ఉంటుంది, మనం బరువు లాగేదేమో 1,800 నుంచి 3,500 మధ్యలో.

క్యామ్‌తో వచ్చే వివరాల కార్డు మీద హార్స్‌పవర్ కాదు, 0.050 అంగుళాల దగ్గర డ్యూరేషన్ చూడండి, అంటే క్యామ్ లిఫ్టర్‌ని (వాల్వ్‌ని కదిలించే భాగాన్ని) అంత ఎత్తుకి మించి ఎత్తి ఉంచేది క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేంతసేపో. ఈ ఇంజిన్‌కి కంపెనీ క్యామ్ సుమారు 190 డిగ్రీలు. లాగుడు బండికి 205–210 చాలు, లోబ్ సెపరేషన్ (గాలి లోపలికి తెచ్చే, పొగ బయటికి పంపే లోబ్‌ల మధ్య కోణం) 112–114 ఉంటే ఐడిల్ నిలకడగా ఉంటుంది. డ్యూరేషన్ 220 దాటితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ముందుండే టార్క్ కన్వర్టర్ కూడా మార్చాలి, పైగా ఇంజిన్ వాక్యూమ్ తగ్గి, ఆ వాక్యూమ్‌తో బ్రేక్‌కి సాయం చేసే బూస్టర్ ఉన్న బండిలో బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. వెనక రెండు టన్నులు పెట్టుకుని దిగుడులో ఆ పెడల్ తొక్కి చూడండి, తెలుస్తుంది!

వాల్వ్ స్ప్రింగులు కూడా కొత్తవి వేయించండి, పాతవాటితో సర్దుకోవద్దు. కొత్త క్యామ్‌కి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ ట్యూనింగ్ ఖర్చు విడిగా పెట్టుకోండి. 2007, ఆ తర్వాతి బండిలో సిలిండర్లు ఆపే సిస్టమ్ ఉంటే దాని లిఫ్టర్ల సంగతి ముందే మెకానిక్‌తో తేల్చుకోండి, లేకపోతే పని సగంలో బిల్లు పెరుగుతుంది.