డ్రమ్ముల రేవు ఒరిగిపోతోందా? నాకు పనిచేసింది ఇది

గుంటూరు దగ్గర మా చేపల చెరువులో పాత 200 లీటర్ల నీలం డ్రమ్ములతో కట్టిన తేలే రేవు మాటిమాటికీ ఒక మూలకి ఒరిగేది. జిగురు పూశాం, తాళ్లు బిగించాం, డ్రమ్ములు మార్చాం, లాభం లేదు.

తిప్పలన్నీ మూతల దగ్గరే. మధ్యాహ్నం ఎండలో బిగిస్తే లోపలి వేడి గాలి నీళ్లలో చల్లబడి కుంచించుకుంటుంది, సందుల్లోంచి చెరువు నీళ్లు పీల్చేస్తుంది. అందుకని డ్రమ్ములు రాత్రంతా మూతలు తీసి నీడలో ఉంచి, తెల్లారగట్ల, గాలి చల్లగా ఉన్నప్పుడే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి, రబ్బరు వాషర్లు కొత్తవి వేసి బిగించాను. ఆ తర్వాత డ్రమ్మును పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా తిప్పి చట్రానికి కట్టాను. సగం కన్నా తక్కువ మునిగితే మూతలు నీటికి పైనే ఉంటాయి. సగం మునిగితే డ్రమ్ము మోసేది, సొంత బరువుతో కలిపి, సుమారు 100 కిలోలే. ఆ లెక్కన మనుషుల్ని ఎక్కించాలి.

మాది నిలవ నీరు. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో వేస్తే ఇదే సరిపోతుందో లేదో చెప్పలేను.