రొబెర్టో క్లెమెంటే దినాన్ని పిల్లలతో జరుపుకోవడం ఎలా

అమెరికాలోని అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ ఏటా సెప్టెంబర్ 15న అలనాటి ఆటగాడు రొబెర్టో క్లెమెంటేను స్మరించుకుంటుంది. ఆ రోజు ఆయన ధరించిన 21వ నంబరు జెర్సీతో ఎందరో ఆటగాళ్లు మైదానంలోకి దిగుతారు. అక్కడి తెలుగు కుటుంబాలు తమ పిల్లలతో ఈ దినాన్ని జరుపుకోవాలనుకుంటే, ముందుగా ఆయన కథను ఏ వరుసలో చెప్పాలో నిర్ణయించుకోవాలి.

గణాంకాలతో మొదలుపెట్టకపోవడమే మంచిది. 1934లో, అమెరికా పాలన కింద ఉన్న కరీబియన్ ద్వీపం ప్యూర్టో రికోలోని కరోలినాలో, చెరకు తోటల్లో పనిచేయించే మేస్త్రీ ఇంట పుట్టిన పిల్లవాడు 1955 నుంచి 1972 వరకు పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే ఆడాడని చెబితే చాలు. ఆ తరువాత లీగ్ విజేతను తేల్చే 1971 వరల్డ్ సిరీస్ ముగిసిన ఘడియను మాత్రం తీరికగా వర్ణించాలి. జట్టు గెలిచింది, సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా ఆయనే నిలిచారు, డ్రెస్సింగ్ రూమ్‌లో టీవీ వారు మైకు అందించారు. అప్పుడాయన ఇంగ్లీషులో మాట్లాడే ముందు అనుమతి అడిగి, స్పానిష్‌లో తన తల్లిదండ్రుల ఆశీస్సులు కోరారు. పెద్దల కాళ్లకు మొక్కే అలవాటున్న ఇళ్లలో పెరిగే పిల్లలకు ఈ సంగతిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఆయన మరణాన్ని పిల్లల వయసును బట్టి చెప్పాలి. 1972 డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాలో పెను భూకంపం వచ్చింది. కొద్ది వారాల ముందే ప్యూర్టో రికో జట్టుకు మేనేజరుగా అక్కడికి వెళ్లి వచ్చిన క్లెమెంటే, తన ద్వీపంలో సహాయ సామగ్రి సేకరించి పంపారు. అది బాధితులకు చేరకుండా దారి మళ్లుతోందని విని, డిసెంబర్ 31 రాత్రి తానే సామగ్రితో విమానమెక్కారు. మోయలేనంత బరువుతో బయలుదేరిన ఆ విమానం కొద్దిసేపటికే సముద్రంలో కూలింది. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు. మరుసటి ఏడాది, ఆట ముగిసిన అయిదేళ్ల తరువాతే చేర్చాలనే నియమాన్ని సడలించి ఆయనను బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

అయితే ఆయన దాతృత్వాన్ని ఆ ఒక్క రాత్రితో కొలిస్తే అన్యాయం చేసినట్టే. ఆట లేని నెలల్లో పేద పిల్లలకు ఆయన బేస్‌బాల్ నేర్పేవారు, ఆసుపత్రుల్లోని పిల్లలను ప్రచారం లేకుండా పలకరించి వచ్చేవారు. ఈ మామూలు రోజుల మంచితనమే పిల్లలు అనుసరించగలిగేది కాబట్టి దానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

పిట్స్‌బర్గ్‌కు దగ్గరలో ఉన్నవారు, పెన్ హిల్స్ వేంకటేశ్వరాలయానికి వచ్చినప్పుడు, నగరంలో ఆయన పేరు పెట్టిన వంతెనను, పైరేట్స్ జట్టు మైదానమైన పీఎన్‌సీ పార్క్ బయట ఉన్న ఆయన విగ్రహాన్ని కూడా చూపించవచ్చు.

చివరిగా సేవా కార్యక్రమం. ఇంట్లో పిల్లలకు చిన్నవైపోయిన గ్లవ్స్, బ్యాట్లు పోగుచేసే ముందే, వాటిని తీసుకోబోయే బడికో పిల్లల జట్టుకో ఫోన్ చేసి ఏవి అవసరమో కనుక్కోవాలి. గ్లవ్ తోలు తాళ్లు వదులై ఉంటే బిగించి, అది ఏ చేతికి, ఏ వయసుకు సరిపోతుందో చీటీ రాసి కట్టాలి. మనం ఇచ్చింది చేరవలసిన చోటికి చేరాలనే పట్టుదల క్లెమెంటేది కనుక, సామగ్రిని పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి స్వయంగా అప్పగించాలి. తీసుకునే పిల్లలను మాత్రం ఫొటోలు తీయకూడదు. నెల గడిచాక మరోసారి ఫోన్ చేసి, ఇచ్చినవి సరిపోయాయా, ఇంకేమైనా కావాలా అని మన పిల్లల చేతనే అడిగించాలి.