గ్యారేజీ ఫ్యాన్ వేగం, మోత తగ్గించే ముందు జాగ్రత్తలు

- ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఆ తర్వాత కూడా కెపాసిటర్‌లో (మోటారుకి కలిపి ఉండే, కరెంటు నిల్వ ఉంచుకునే చిన్న భాగం) చార్జ్ మిగిలి ఉండొచ్చు, వైర్ల చివర్లు తాకొద్దు.

- మోత వస్తోందని వెంటనే రెగ్యులేటర్ కొనకండి. ఒక రెక్క మీద దుమ్ము ఎక్కువ పేరుకున్నా, జాలీ స్క్రూ ఒక్కటి వదులైనా ఫ్యాన్ గడగడలాడుతుంది. తుడిచి, బిగించి, కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి చూడండి. నా ఫ్యాన్‌కి సగం గోల అక్కడే పోయింది.

- లైటు డిమ్మర్ వద్దే వద్దు, మోటారు వేడెక్కి పాడవుతుంది. ఫ్యాన్ల కోసం చేసిన రెగ్యులేటరే, అదీ మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్ల కంటే ఎక్కువ తట్టుకునేది తీసుకోండి. ఫ్యాన్ ఆపాక నెమ్మదిస్తూ లోపల ‘టక్’మంటే మాత్రం ఆ రెగ్యులేటర్ కూడా పెట్టొద్దు. వేగం తగ్గితే స్టార్టింగ్ వైండింగ్ (మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మాత్రమే పనిచేసే తీగ చుట్ట) మళ్లీ కరెంటుకి కలిసి మాడిపోతుంది.

- రెగ్యులేటర్ పెట్టాక మొదటి అరగంట దగ్గరే ఉండండి. మాడు వాసనొస్తే ఆపేయండి.