శాసన కమిటీ ముందు వాంగ్మూలం ఇచ్చే విధానం

బిల్లును క్లాజుల (అంకెలు వేసిన నిబంధనల) వారీగా విప్పి పరిశీలించేది చాలావరకు కమిటీ గదిలోనే. సభలో ఓటింగు దాకా వచ్చాక మార్చడం కష్టమైన పదాన్ని అక్కడ ఒక పౌరుడు సూచించి మార్పించగలడు. ఆ అవకాశం కోపం వెళ్లగక్కడంతో ముగిసిపోకూడదు.

ముందుగా కమిటీ ప్రకటనను గడువు తేదీ, ప్రతుల సంఖ్య, భాష సహా పూర్తిగా చదవాలి; పద్ధతులు దేశానికొక రీతిగా ఉంటాయి. భారత పార్లమెంటు కమిటీలు ప్రకటనల ద్వారా వినతిపత్రాలు కోరతాయి, స్వయంగా హాజరు కాదలచినవారు ఆ సంగతి అందులోనే తెలపాలి. సమావేశాలు బయటివారికి తెరిచి ఉండవు, సమర్పించిన పత్రాన్ని గోప్యంగా ఉంచాలి, దానిని ఇతరులకు పంచితే సభాహక్కుల ఉల్లంఘన కావచ్చు. అమెరికా కాంగ్రెస్‌లో విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి. సాక్షి రాతప్రతిని ముందే ఇచ్చి, మౌఖికంగా దాదాపు 5 నిమిషాలు మాట్లాడతాడు. సందేహం ఉంటే కమిటీ సిబ్బందిని అడగడమే మేలు.

అసలు శ్రమంతా రాతప్రతి మీద పెట్టాలి, ఎందుకంటే సభ్యులు నివేదిక రాసేటప్పుడు వారి చేతిలో ఉండేది అదే. మీరెవరు, ఏ బిల్లు గురించి, సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా, సవరణ కోరుతున్నారా అన్నది మొదటి పేరాలోనే తేలిపోవాలి. ఆపైన క్లాజు సంఖ్య పేర్కొని, ఉన్న పాఠాన్నీ మీరు కోరే పాఠాన్నీ పక్కపక్కన రాయండి. ఉదాహరణకు, ‘ఫిర్యాదును తగిన సమయంలో పరిష్కరించాలి’ అని ఉంటే, అది అస్పష్టంగా ఉందని ఊరుకోకుండా, ‘30 రోజులలోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలి’ అని ప్రతిపాదించండి. ఆ లోపం వల్ల మీకు లేదా మీరు ఎరిగినవారికి జరిగిన నష్టాన్ని తేదీలతో, పత్రాలతో జత చేయండి. నా ఉద్దేశంలో పది సాధారణ అభ్యంతరాల కంటే ఇలాంటి ఒక్క సవరణే బలమైనది.

మాట్లాడేటప్పుడు రాతప్రతిని చదవకండి, అది సభ్యుల ముందు ఉండనే ఉంటుంది. అధ్యక్షస్థానంలో ఉన్నవారిని సంబోధించి, మీ కోరికను మొదటి రెండు వాక్యాలలో చెప్పి, తరువాతే కారణాలకు వెళ్లండి. గడియారం పెట్టుకొని ఇంట్లో బిగ్గరగా రెండు మూడుసార్లు చెప్పి చూసుకుంటే ఏది వదిలేయాలో తెలుస్తుంది.

ప్రశ్నల దగ్గరే చాలామంది తడబడతారు. ప్రశ్న పూర్తిగా విన్నాక, అవునో కాదో ముందు చెప్పి ఆపైన వివరించండి. తెలియని అంకెను ఊహించి చెప్పవద్దు. ప్రమాణం చేసి అబద్ధమాడితే శిక్ష పడే దేశాలు అనేకం, పొరపాటు అంకె అయినా మిగతా మాటల మీద నమ్మకాన్ని చెరుపుతుంది. ‘ఈ వివరం ఇప్పుడు నా వద్ద లేదు, రాతపూర్వకంగా పంపుతాను’ అనడం పూర్తిగా గౌరవప్రదమైన జవాబు. అలా మాట ఇచ్చిన వివరాలను గడువులోగా పంపండి. మీ మాటల లిఖితప్రతి సవరణకు వస్తే నమోదులో దొర్లిన తప్పులనే దిద్దండి, చెప్పిన అర్థాన్ని మార్చకండి.