ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఏసీఎల్ చదవడానికి మెమరీ ఎంత తీసుకోవాలి?

లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) వెర్షన్ 4 మౌంట్ మీద ఫైళ్ళ ఏసీఎల్ (ఎవరికి ఏ అనుమతులున్నాయో చెప్పే జాబితా) చదివే సీ ప్రోగ్రామ్ రాస్తుంటే, అందులో 1,024 బైట్ల బఫర్ పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి. నేనూ అలాగే పెట్టాను, టెస్టులో ఏ ఫైలు చూసినా 80 బైట్లే వచ్చాయి మరి! ఓనర్, గ్రూప్, ఎవ్రీవన్ అనే మూడు ఎంట్రీలే ఉంటే లెక్క అంతే: ఎంట్రీలెన్నో చెప్పే 4 బైట్లు, ఆపైన 24, 24, 28. తీరా అసలు సర్వర్‌లో ఒక ఫోల్డర్‌కి గ్రూప్ పెట్టకుండా మనుషుల్ని పేరుపేరునా చేర్చుకుంటూ పోయారు. పేరు, డొమైన్ కలిపి 20 అక్షరాలుంటే ఎంట్రీకి 36 బైట్లు, ముప్ఫై మంది అయ్యేసరికి బఫర్ చాలక ఈరేంజ్ (ERANGE, ఇచ్చిన చోటు చాలదు అనే) ఎర్రర్ వచ్చింది, నా కోడేమో దాన్ని ‘ఏసీఎల్ లేదు’ అనుకుని ముందుకెళ్ళిపోయింది. అది బ్యాకప్ టూల్. రీస్టోర్ చేసిన రోజు టెన్షన్ మీరే ఊహించుకోండి.

ఏసీఎల్‌ని ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్‌గా (ఫైలుకి జతచేసిన అదనపు సమాచారంగా) చదివే గెట్‌ఎక్స్‌యాటర్ (getxattr) ఫంక్షన్‌ని మొదట సైజు సున్నా ఇచ్చి పిలవండి, ఎన్ని బైట్లు కావాలో చెబుతుంది. అంత మెమరీ మాలొక్ (malloc) చేసి మళ్ళీ పిలవండి. ఈ రెండు పిలుపుల మధ్యలో ఎవరైనా ఇంకో ఎంట్రీ చేర్చితే మళ్ళీ ఈరేంజే వస్తుంది కాబట్టి మొదటి నుంచి ఇంకోసారి ప్రయత్నించాలి, అయితే మూడు నాలుగు సార్లకు మించి వద్దు.

వేల ఫైళ్ళు చూడాలంటే మాత్రం నేను ఇలా చేయను. లినక్స్‌లో ఒక ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్ 64 కేబీ దాటదు, కాబట్టి లూప్ బయటే ఒక్కసారి 65,536 బైట్లు తీసుకుని ప్రతి ఫైలుకీ దాన్నే వాడతాను, థ్రెడ్లుంటే థ్రెడ్‌కొకటి. అదీ చాలకపోతే ఈరేంజ్ బదులు ఈ2బిగ్ (E2BIG, మరీ పెద్దది అనే ఎర్రర్) వస్తుంది, ఇక మళ్ళీ ప్రయత్నించి లాభం లేదు. ఈ బఫర్‌ని రికర్సివ్ ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా పెట్టకండి, 8 ఎంబీ స్టాక్ 128 లెవెల్స్ కూడా రాదు.

అసలు ప్రమాదం వచ్చిన బైట్లని ఎంట్రీలుగా విడదీసేటప్పుడు ఉంది. వచ్చినవన్నీ బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందుండే) అంకెలు, ఎన్‌టుహెచ్‌ఎల్ (ntohl) ఫంక్షన్‌తో మన మెషీన్ క్రమంలోకి తిప్పుకోవాలి. ఎంట్రీల సంఖ్య సర్వర్ చెప్పింది కదా అని దాన్ని స్ట్రక్చర్ సైజుతో గుణించి మాలొక్ చేసేయకండి. ఒక్కో ఎంట్రీకి కనీసం 16 బైట్లు ఉండాలి కాబట్టి, వచ్చిన సైజులోంచి 4 తీసేసి 16తో భాగిస్తే వచ్చే అంకె కంటే ఆ సంఖ్య ఎక్కువైతే అక్కడే ఆపేయండి. పేరు పొడవునీ మిగిలిన బైట్లతో పోల్చాకే నాలుగు గుణిజానికి రౌండ్ చేయాలి, ముందే చేస్తే ఓవర్‌ఫ్లో అవుతుంది. పేరు చివర నల్ (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైటు) ఉండదు, కాపీకి ఒక బైటు అదనంగా తీసుకోండి.

మౌంట్ వెర్షన్ 3 అయితే చదవాల్సింది పోసిక్స్ (POSIX) ఏసీఎల్ అనే ఇంకో రకం, అక్కడ పేర్ల గొడవే లేదు: 4 బైట్ల హెడర్, ఎంట్రీకి 8 బైట్లు.