పొద్దున్నే వేళ్ళు పట్టేస్తున్నాయా? కీళ్ళవాతాన్ని పోల్చుకోవడం, టెస్టులు చదవడం, మందు వాడటం

పొద్దున లేవగానే కొళాయి తిరగదు. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి వేళ్ళు వంగవు. తడి బట్ట పిండబోతే మణికట్టు దగ్గర ప్రాణం పోతుంది. పదకొండు దాటేసరికి మళ్ళీ మనిషి మామూలే. ఈ తీరు ఆరు వారాలు దాటి సాగుతుంటే దాన్ని వయసు మీదకో, విశాఖ ఉక్కపోత మీదకో తోసెయ్యకండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను, అంటే కీళ్ళవాతాన్ని అనుమానించాలి.

ఇది ఆటో ఇమ్యూన్ జబ్బు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. అలాంటివి చాలానే ఉన్నాయి. థైరాయిడ్‌ను తినేసే హషిమోటో, చిన్నపిల్లల్లో వచ్చే టైప్ 1 షుగర్, సోరియాసిస్, బొల్లి, లూపస్ అన్నీ ఆ కుటుంబానివే. ఇక్కడ కీళ్ళవాతాన్నే ముందు పెట్టుకుంటున్నాం. నొప్పి బిళ్ళల మీద నెలలు, ఏళ్ళు గడిపేసి ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వచ్చే జబ్బు ఇదే. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో అసలు మందు పడితే కీలు నిలుస్తుంది. ఎముక ఒకసారి కొరుక్కుపోయాక ఏ మందూ దాన్ని తిరిగి పూడ్చదు.

ఎందుకు వస్తుంది

కంచే చేను మేసినట్టు, బయటి క్రిములతో పోరాడాల్సిన రక్షణ కణాలే సొంత కీలు లోపలి పొర మీద పడతాయి. అలా పడకుండా ఆపే కాపలా కణాలు కూడా ఒంట్లో ఉంటాయి. వాటిని రెగ్యులేటరీ టీ కణాలంటారు. ఆ సంగతి కనిపెట్టినందుకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకు 2025లో వైద్య నోబెల్ దక్కింది. కాపలా ఎందుకు సడలుతుందంటే ఒక్క కారణం చెప్పలేం. కొంత వంశంలోంచి వస్తుంది, కొంత బయటినుంచి తగులుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

బయటివాటిలో బాగా రుజువైనది పొగ. పొగవల్ల ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. మారిన ఆ ప్రొటీన్‌ను ఒళ్ళు పరాయిదనుకుని యాంటీబాడీలు తయారు చేస్తుంది. సిగరెట్టు గురించి అందరికీ తెలుసు. మన ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగను మాత్రం ఇంట్లోవాళ్ళు అలవాటుగా చూసి ఊరుకుంటారు. డాక్టరు "పొగతాగుతారా" అని అడిగితే "లేదండీ, ఆడమనిషి కదా" అనేస్తారు. చుట్ట సంగతి తప్పక చెప్పండి. చిగుళ్ళ జబ్బుకూ దీనికీ సంబంధం కనబడుతోంది కాబట్టి పళ్ళ డాక్టరుకూ ఒకసారి చూపించాలి.

వంకాయ, గోంగూర, చింతపండు తిన్నందువల్ల ఈ జబ్బు రాదు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చుకున్న చేపలు మానెయ్యాల్సిన పనీ లేదు. నీరసంగా ఉన్న మనిషి చేత ఉన్న నాలుగు కూరలూ మానిపించడం వల్ల రక్తం తగ్గడమే మిగులుతుంది.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి

పిడికిలి బిగించి వెలుతురులో చూడండి. వేళ్ళ మొదట్లో లేచే నాలుగు కణుపుల మధ్య మూడు లోయలు కనబడాలి. కీళ్ళవాతంలో చూపుడు వేలు, మధ్య వేలు కణుపుల దగ్గర ఆ లోయ పూడిపోయి చదునుగా ఉంటుంది. వేలితో నొక్కితే ఎముకలా గట్టిగా తగలదు, పిండి ముద్దలా మెత్తగా దిగుతుంది. తర్వాత ఇంకొకరిని మీ అరచేతిని రెండు పక్కలనుంచి కరచాలనం చేసినట్టు మెల్లగా అదమమనండి. పాదం ముందు భాగాన్నీ అలాగే అదమాలి. చిన్న ఒత్తిడికే కెవ్వుమంటే అది లెక్కలోకి వస్తుంది.

పట్టేయడం ఎంతసేపుంటుందో వారం రోజులు రాసి పెట్టండి. లేచిన టైము ఒకటి, వేళ్ళు పూర్తిగా వదులైన టైము ఒకటి. అరిగిన మోకాలు అయితే అరగంట లోపే వదులుతుంది, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. కీళ్ళవాతంలో గంట, రెండు గంటలు పడుతుంది, కదిలేకొద్దీ తేలికవుతుంది. రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. గోటి పక్కన ఉండే చివరి కణుపును సాధారణంగా వదిలేస్తుంది. అక్కడే గట్టి బుడిపెలుంటే అది చాలావరకు అరుగుదలే.

చికున్‌గున్యా అచ్చం ఇలాగే కనబడి మోసం చేస్తుంది. తేడా మొదలైన తీరులో ఉంటుంది. చికున్‌గున్యా "ఫలానా మంగళవారం సాయంత్రం జ్వరం వచ్చింది, మర్నాడు మంచం దిగలేదు" అన్నట్టు తారీఖుతో సహా గుర్తుంటుంది. కీళ్ళవాతం చాలామందిలో దొంగలా వారాల మీద మెల్లగా దూరుతుంది. అయితే చికున్‌గున్యా నొప్పులు నెలలు ఉండొచ్చు కాబట్టి, మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే "జ్వరం నొప్పులేలే" అని కూర్చోకండి. అర్ధరాత్రి కాలి బొటనవేలు నిప్పులా ఎర్రబడితే గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే నొప్పి. కుర్రాడికి తెల్లవారుజామున నడుం పట్టేసి, లేచి తిరిగితే తగ్గుతుంటే అది స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళ వాతం) దారి.

ఒకే కీలు ఉన్నట్టుండి వాచి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే అది చీము కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకో తొందర లూపస్‌ది. బీచ్ రోడ్డు ఎండకు వెళ్ళొస్తే బుగ్గల మీదా ముక్కు మీదా ఎర్రటి మచ్చ, నోట్లో పుళ్ళు, జుట్టు కుచ్చులుగా ఊడడం ఉంటే, మూత్రం నురగ కడుతోందా, పొద్దున్నే కాళ్ళూ కళ్ళ చుట్టూ వాపు ఉందా చూడండి. లూపస్ చాలాసార్లు నొప్పి లేకుండానే కిడ్నీని తినేస్తుంది. మూత్రంలో ప్రొటీన్ టెస్టు చవకైనదే, ఆలస్యం చెయ్యకూడదు.

టెస్టులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

జబ్బును తేల్చేది ముందు ఒళ్ళు, ఆ తర్వాతే కాగితం. ల్యాబులో ప్యాకేజీ చూసి అన్నీ ఒకేసారి చేయించుకుంటే అనవసరమైన పాజిటివ్ ఒకటి పట్టుకుని భయపడడమే అవుతుంది.

ఆర్ఏ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ టెస్టు పాజిటివ్ అయినంత మాత్రాన కీళ్ళవాతం కాదు. టీబీలో, హెపటైటిస్ సీలో, పెద్దవయసులో ఊరికే కూడా వస్తుంది. నెగటివ్ అయినంత మాత్రాన లేదనీ కాదు. యాంటీ సీసీపీ అనే ఇంకో యాంటీబాడీ టెస్టు అంతకంటే నమ్మదగింది, అది గట్టిగా పాజిటివ్ అయితే కీలు త్వరగా పాడయ్యే రకం అని కూడా చెబుతుంది. ఈఎస్ఆర్, సీఆర్పీ ఒంట్లో వాపును, అంటే లోపలి మంటను, చూపే టెస్టులు. ఈఎస్ఆర్ రక్తహీనతలో, గర్భంలో, వయసుతో పెరుగుతుంది, సీఆర్పీ మంట ఉన్న సంగతి దానికంటే నేరుగా చూపిస్తుంది. లూపస్ అనుమానంతో చేసే ఏఎన్ఏ రిపోర్టులో పాజిటివ్ అన్న మాట చూసి ఆగకండి, ఎంత పలుచన దగ్గర పాజిటివ్ అనేది చూడాలి. 1:80 దగ్గర ఏ జబ్బూ లేనివాళ్ళలోనే నూటికి పదిమందికి పైగా పాజిటివ్ వస్తుంది. ఏఎస్ఓ టైటర్ గొంతు ఇన్ఫెక్షన్ గుర్తు మాత్రమే. అది ఎక్కువుందని పెద్దవాళ్ళకు "కీళ్ళవాతం" పేరు పెట్టి నెలల తరబడి పెన్సిలిన్ సూదులు పొడవడం తప్పు.

మందు మొదలుపెట్టే ముందు బ్లడ్ కౌంట్, లివర్‌కు ఎస్‌జీపీటీ, కిడ్నీకి క్రియాటినిన్, హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే ఉండాలి. శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి విశాఖలోని కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికో, ప్రైవేటు ఆసుపత్రికో వచ్చేవాళ్ళు క్రియాటినిన్ లేకుండా ఒక్క నొప్పి బిళ్ళ కూడా మింగకూడదు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే. డైక్లోఫెనాక్ రకం బిళ్ళలు బలహీనపడ్డ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ సరిగ్గా లేకపోతే, కీళ్ళవాతానికి ముందుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు ఒంట్లోనే పేరుకుని విషమవుతుంది.

మెథోట్రెక్సేట్: వారానికి ఒక్కసారి

మామూలుగా మొదటి మందు ఇదే. వారానికి 7.5 నుంచి 15 మిల్లీగ్రాములతో మొదలై, అవసరాన్ని బట్టి 25 దాకా పెరుగుతుంది. గుణం కనబడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే "పనిచెయ్యలేదు" అని మానేసినవాళ్ళు మందు పనిచేసే రోజు దాకా ఆగనివాళ్ళే.

ఈ మందుతో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఒక్క పొరపాటు వల్ల, వారానికి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం వల్ల. మందుల షాపులో అలవాటుగా కవరు మీద "ఉదయం 1" అని రాసిస్తారు. వారం తిరక్కుండానే నోరంతా పుళ్ళు, జ్వరం, ఒంటి మీద నెత్తుటి చుక్కలు. ఎముక మజ్జ రక్తం తయారు చెయ్యడం ఆపేసిందన్నమాట. అలా జరిగితే మందు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి, ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది.

ఇంకో ఉచ్చు పేర్లలో ఉంది. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్. ఫోల్వైట్ అంటే ఫోలిక్ యాసిడ్, దానికి తోడుగా ఇచ్చే విటమిన్. రెండూ చిన్న బిళ్ళలే, పేర్లు ఒకేలా మొదలవుతాయి. అందుకని వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. బుధవారం అనుకుందాం. స్ట్రిప్ మీద మార్కర్‌తో "బుధవారం మాత్రమే" అని తెలుగులో రాసి, వేరే డబ్బాలో పెట్టి, వేసుకోగానే క్యాలెండర్‌లో ఆ బుధవారాన్ని కొట్టెయ్యండి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు గురువారమో శుక్రవారమో, డాక్టరు చెప్పినన్ని రోజులు. డోసు తప్పితే మర్నాడో ఎల్లుండో వేసుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే ఆ వారానికి వదిలెయ్యాలి, రెండు కలిపి మింగకూడదు. షాపులో బలం మారిందేమో ప్రతిసారీ చూడండి. 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు వేసుకునే మనిషి చేతికి 10 మిల్లీగ్రాముల బిళ్ళలు వస్తే డోసు 30 మిల్లీగ్రాములు అయిపోతుంది.

తెలుగువాళ్ళకు ఈ రెండు బిళ్ళలతోనూ బంధుత్వం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనశాలను నడిపినప్పుడే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశారు. దానికి అడ్డుపడే మందులూ అక్కడే పుట్టాయి, మెథోట్రెక్సేట్ ఆ వరసలోదే.

మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉండాలి. మద్యం తాగే అలవాటుంటే దాచకండి, లివర్ మీద రెండు దెబ్బలు పడతాయి. మూత్రం మంటకు ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వబోతే "నేను మెథోట్రెక్సేట్ మీద ఉన్నాను" అని చెప్పండి, ఆ రెండూ కలవకూడదు. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే మందు ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

మిగతా మందులు

హైడ్రాక్సీక్లోరోక్విన్ బరువును బట్టి కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ళు దాటాక ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి. సల్ఫాసలజీన్ వల్ల మూత్రం నారింజ రంగుకు మారితే కంగారు పడక్కర్లేదు. సల్ఫా మందులు పడనివాళ్ళు మాత్రం ముందే చెప్పాలి.

స్టెరాయిడ్, అంటే వైసోలోన్ లాంటిది, అసలు మందు పనిచేసేదాకా వేసే వంతెన. టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. మూడు వారాలకు మించి వాడాక ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను తయారు చెయ్యలేక బీపీ పడిపోతుంది, మెల్లగానే తగ్గించుకోవాలి. పేరు లేని పొట్లంలో పొడి ఇచ్చి "నాటు మందు, రెండు రోజుల్లో తగ్గుతుంది" అంటే, నిజంగానే రెండు రోజుల్లో తగ్గితే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ఆకలి విపరీతమై, ముఖం గుండ్రమవుతుంటే ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దాన్నీ ఉన్నట్టుండి మానకూడదు.

బిళ్ళలతో లొంగకపోతే అడాలిముమాబ్ లాంటి బయలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. దాగున్న టీబీని అవి నిద్రలేపుతాయి. ఎక్స్‌రేతో పాటు మాంటూ గానీ ఐజీఆర్ఏ గానీ, అంటే దాగున్న టీబీని చూసే టెస్టు, చేయించకుండా మొదలుపెట్టకూడదు. ఈ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. విశాఖలో కొని పాడేరో అరకో ఘాట్ రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, ఇంజెక్షన్ పెట్టెకు నేరుగా తగలకుండా పెట్టండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను కాలంలో రెండు మూడు నెలల ఇంజెక్షన్లు ముందే కొని ఫ్రిజ్‌లో నింపుకోవద్దు.

జ్వరం వచ్చినప్పుడు, బిడ్డ కావాలనుకున్నప్పుడు

ఈ మందుల మీద ఉన్న మనిషికి జ్వరం వస్తే మెథోట్రెక్సేట్, బయలాజిక్ ఆ వారానికి ఆపి, మలేరియా, డెంగీ, బ్లడ్ కౌంట్ ఆ రోజే చూడాలి. స్టెరాయిడ్ మాత్రం ఆపకూడదు, ఒక్కోసారి డాక్టరు దాన్ని పెంచాల్సి వస్తుంది.

గర్భం అనుకునే ఆడపిల్ల మెథోట్రెక్సేట్‌ను కనీసం ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి. లెఫ్లునోమైడ్ అనే మరో కీళ్ళవాతం మందు అయితే ఆపినా చాలాకాలం ఒంట్లో ఉంటుంది, కడిగేసే మందు వేరే వాడాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ గర్భంలో కొనసాగించవచ్చు. పెళ్ళి కుదిరిన ఇంట్లో జబ్బు సంగతి దాచి మందులే మాన్పించేస్తుంటారు. కీళ్ళు వాచిన ఒంటితో గర్భం ఇంకా కష్టమవుతుంది. మందులు మార్చి, మూడు నుంచి ఆరు నెలలు జబ్బు నెమ్మదించాక గర్భం అనుకోమని రుమటాలజిస్టులు, అంటే కీళ్ళవాతం డాక్టర్లు, చెప్పేది అందుకే. అమ్మాయి, పెళ్ళయ్యాక అబ్బాయి కూడా, కలిసి వెళ్ళి ఆ లెక్క డాక్టరు చేత కాగితం మీద వేయించుకోండి.