చిన్న ట్రైలర్‌తో ఆల్ప్స్ దాటబోయే ముందు

జర్మనీలో ఉంటూ, వేసవి సెలవులకు కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుని ఇటలీ దాకా వెళ్లాలనుకునే కుటుంబాల కోసం ఈ జాగ్రత్తలు. దారి మామూలుదే: మ్యూనిక్, ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ, వెరోనా. ట్రైలర్ కూడా అందరూ కొనేదో అద్దెకు తెచ్చుకునేదో: ఒకే ఇరుసు, సొంత బ్రేకులు లేనిది, సరుకుతో కలిపి 750 కిలోలు దాటకూడనిది.

పెద్ద కారవాన్ లాగేవాళ్లు వెనక ఒకటి ఉందన్న సంగతి నిమిషం కూడా మర్చిపోరు. చిన్న ట్రైలర్ అద్దాల్లో కనబడదు, ఇంజన్‌కు బరువు తెలియదు, గంట గడిచేసరికి మనకూ గుర్తుండదు. ప్రమాదాలకు మొదలు అక్కడే.

ముందు కాగితాల్లో బరువు

కారు రిజిస్ట్రేషన్ కాగితంలో ఓ.1 (O.1), ఓ.2 (O.2) అని రెండు గడులు ఉంటాయి. బ్రేకులున్న ట్రైలర్‌ను ఎంత బరువు దాకా లాగవచ్చో మొదటిది చెబుతుంది, బ్రేకులు లేనిదాన్ని ఎంత దాకానో రెండోది. మనకు కావాల్సింది రెండోది. చాలా చిన్న కార్లకు అక్కడ 750 కన్నా తక్కువే రాసి ఉంటుంది. ట్రైలర్ మీద 750 అని ఉన్నా మీ కారుకు 550 అని ఉంటే మీ హద్దు 550. అందులో ట్రైలర్ సొంత బరువు, రకాన్ని బట్టి 120 నుంచి 200 కిలోలు, ముందే పోతుంది. మిగిలిందే సామానుకు.

లెక్క కాగితం మీద ఆపకండి. సామానంతా ఎక్కించాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. చెత్త సేకరణ కేంద్రాల్లో, ఇసుక కంకర అమ్మేచోట్ల కొద్ది డబ్బుకే వేస్తారు. గుడారం, నలుగురి పరుపులు, నీళ్ల డబ్బాలు, పది కిలోల బియ్యం, కుక్కర్, పచ్చళ్లు అన్నీ విడివిడిగా తేలికే. కలిస్తేనే హద్దు దాటేది.

మామూలు కారు లైసెన్సుతో, అంటే బీ తరగతిదానితో, 750 కిలోల ట్రైలర్ లాగవచ్చు. భారతదేశపు లైసెన్సు మీద ఇంకా నడుపుతున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న ఆరు నెలల తర్వాత అది చెల్లదు. అద్దె ట్రైలర్ అయితే దేశం దాటించవచ్చా అన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ట్రైలర్ రిజిస్ట్రేషన్ కాగితం, ఇన్సూరెన్స్ గ్రీన్ కార్డు, అందరి పాస్‌పోర్టులు, నివాస అనుమతి కార్డులు చేతికందేచోట పెట్టుకోండి. సరిహద్దుల్లో తనిఖీలు ఉంటున్నాయి.

ముక్కు బరువు: ఎవరూ చూడనిది, అందరూ చూడాల్సింది

ట్రైలర్ ముందు భాగం కారు హుక్కు బంతి మీద ఎంత బరువు మోపుతోందన్నదే ముక్కు బరువు. ఇది తక్కువైతే ట్రైలర్ వెనక్కి వాలి, వేగంలో తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి ముందు చక్రాల పట్టు సడలుతుంది. జర్మనీ నిబంధన ప్రకారం ట్రైలర్ అసలు బరువులో కనీసం 4 శాతం ముక్కు మీద ఉండాలి, 25 కిలోలకు మించి ఉండి తీరాలని మాత్రం లేదు. గరిష్ఠం కారు హుక్కుకున్న రేకు మీద, ట్రైలర్ కప్లింగ్ (బంతిని పట్టుకునే ముందు భాగం) మీద రాసి ఉంటుంది, సాధారణంగా 50, 75 అలా. రెండింట్లో ఏది తక్కువో అదే మీ హద్దు. హద్దు దాటకుండా దానికి ఎంత దగ్గరగా ఉంటే ట్రైలర్ అంత కుదురుగా వస్తుంది.

కొలవడం తేలిక. చదునైన నేల మీద, సామాను నింపిన ట్రైలర్ చక్రాలకు అడ్డం పెట్టండి. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద గట్టి కర్రముక్క నిలబెట్టి, దాని మీద కప్లింగ్‌ను ఆనించండి. కర్ర ఎత్తు కారు హుక్కు ఎత్తుకు సమానంగా ఉండాలి. ముందున్న చిన్న జాకీ చక్రం నేలకు తగలకుండా పైకి తిప్పేయండి. మిషను చూపే అంకే ముక్కు బరువు. సరిపోకపోతే బియ్యం బస్తాను ఇరుసు నుంచి ఒక జానెడు ముందుకు జరిపి మళ్లీ చూడండి. ఆ జానెడుకే ఎంత తేడా వస్తుందో కళ్లారా కనబడుతుంది.

బరువైనవి కింద, ఇరుసు మీద. తేలికైనవి ముందూ వెనకా, పైన. వెనక తలుపు దగ్గర బరువు పెట్టకండి. ట్రైలర్‌కు మెత్తటి స్ప్రింగులు ఉండవు, గతుకు గతుకుకూ ఎగురుతుంది. ఆవకాయ గాజు జాడీ అందులో వెరోనా దాకా నిలవదు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి కారులోనే పెట్టుకోండి. పైన కప్పే పట్టాను బిగించే బెల్టులు మొదటి అరగంటలోనే వదులవుతాయి. ఆగి మళ్లీ బిగించాలి.

చక్రాలు, బేరింగులు, దీపాలు

ట్రైలర్ టైర్లు అరిగి పాడవడం అరుదు, నిలబడి నిలబడి పగుళ్లిస్తాయి. టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటినదైతే ఆల్ప్స్‌కు వద్దు. టైర్లలో గాలి ట్రైలర్ రేకు మీద రాసినంత ఉండాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కారు స్టెప్నీ ట్రైలర్‌కు సరిపోదు, ట్రైలర్‌కు వేరే స్టెప్నీ, దాని బోల్టులకు పట్టే పానా తీసుకెళ్లండి. మీ కారు జాకీ ట్రైలర్ కిందికి దూరుతుందో లేదో ఇంటి దగ్గరే ఎత్తి చూడండి.

చక్రాన్ని గాలిలోకి ఎత్తి చేత్తో తిప్పితే గరగర వినిపించినా, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడినా బేరింగ్ అయిపోయినట్టే. బయలుదేరిన 50 కిలోమీటర్లకు మొదటిసారి ఆగి బోల్టులు బిగించి చూడండి. చక్రం మధ్య భాగానికి చెయ్యి దగ్గరగా పెట్టండి. కొంచెం వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే ముందుకు పోకండి.

కప్లింగ్‌ను బంతి మీద నొక్కినప్పుడు టక్కుమని పడాలి, సూచిక ఆకుపచ్చ గుర్తు దగ్గరుండాలి. అంతటితో నమ్మకండి. జాకీ చక్రాన్ని కిందికి తిప్పి కారు వెనక భాగం కాస్త పైకి లేచేదాకా ఎత్తి చూడండి. ఊడకపోతే సరిగ్గా పట్టినట్టు. ఆ తర్వాత జాకీ చక్రాన్ని పూర్తిగా పైకి లాగి బిగించాలి. దీన్ని మర్చిపోయి నేలకు రాసుకుంటూ వెళ్లేవాళ్లు చాలామంది.

కారుకు 13 పిన్నుల సాకెట్, పాత ట్రైలర్‌కు 7 పిన్నుల ప్లగ్ ఉండటం మామూలే, మధ్యలో అడాప్టర్ కావాలి. ఒకరు కారులో కూర్చుని నొక్కుతుంటే మరొకరు వెనక నిలబడి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనక దీపాలు ఒక్కొక్కటే చూడాలి. ప్రతి ఉదయం ఇదే.

వేగం, దేశం దేశానికీ

జర్మనీ ఆటోబాన్ మీద ట్రైలర్‌తో గంటకు 80 కిలోమీటర్లు. వెనక 100 స్టిక్కర్ ఉన్న ట్రైలర్‌కు మాత్రమే 100. బ్రేకుల్లేని ట్రైలర్‌కు ఆ అనుమతి రావాలంటే దాని మొత్తం అనుమతి బరువు కారు ఖాళీ బరువులో 0.3 వంతు దాటకూడదు. 1,500 కిలోల కారుకు అది 450 మాత్రమే. కాబట్టి స్టిక్కర్ చూసి మురిసిపోకుండా మీ కారుతో కలిపి లెక్క వేసుకోండి. కారూ ట్రైలర్ కలిసి 7 మీటర్లు దాటితే మూడు వరసల ఆటోబాన్ మీద ఎడమ చివరి వరస మీది కాదు. స్టిక్కర్ చెల్లేది జర్మనీలోనే. ఇటలీలో ఆటోస్ట్రాడా (అక్కడి హైవే) మీద 80, ఊళ్ల బయట మిగతా రోడ్ల మీద 70.

ఆస్ట్రియాలో ట్రైలర్‌కు వేరే విన్యెట్ (ముందే కట్టే హైవే రుసుము) అక్కర్లేదు, కారుది చాలు. బ్రెన్నర్ ఏ13 టోల్ మాత్రం దానికి అదనం. స్విట్జర్లాండ్ మీదుగా గొట్టార్డ్ దారి పట్టేవాళ్లు ట్రైలర్‌కు ఇంకో విన్యెట్, మరో 40 ఫ్రాంకులు, కొనాల్సిందే. ఇటలీ టోల్ గేట్ల దగ్గర పసుపు టెలిపాస్ వరసలోకి (ఎలక్ట్రానిక్ పరికరంతో టోల్ కట్టేవాళ్లది) పొరపాటున వెళితే వెనక్కి రాకండి, రాలేరు కూడా. సహాయం బటన్ నొక్కి ఆగండి.

వేసవి వారాంతాల్లో జీపీఎస్ ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతపు గ్రామాల్లోకి మళ్లించబోతుంది. ఆ రోజుల్లో రద్దీ తప్పించుకోవడానికి హైవే దిగడం అక్కడ చాలాచోట్ల నిషేధం, పోలీసులు వెనక్కి పంపేస్తారు. శనివారం కాకుండా వారం మధ్యలో బయలుదేరండి.

బ్రెన్నర్ ఎత్తు సుమారు 1,370 మీటర్లు. అవతల దిగేటప్పుడు ట్రైలర్‌కు బ్రేకులు లేవని గుర్తుంచుకోండి, దాని బరువంతా మీ కారు బ్రేకుల మీదే. మన ఘాట్ రోడ్ల మాటే ఇక్కడా: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మాడిన వాసన వస్తే మొదటి విశ్రాంతి స్థలంలోకి తిరిగి, చల్లారేదాకా ఆగండి, నీళ్లు పోయకండి.

లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడో, గాలి విసిరినప్పుడో ట్రైలర్ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఊపుకు ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది. వేగం పెంచి సర్దుకుందామనుకోవడం అన్నిటికన్నా చెడ్డది. ఊపు ఆగాక పక్కకు తీసి బరువు సర్దండి, ఎందుకంటే కారణం ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

వెనక్కి నడపడం ఇంటి దగ్గరే

చిన్న ట్రైలర్ పెద్దదానికన్నా త్వరగా మడత పడుతుంది. చెయ్యి స్టీరింగ్ కింది భాగాన పెట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి, కొద్దికొద్దిగా. వంకర పోతే ముందుకు లాగి తిన్నగా చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఖాళీ స్థలంలో, యజమాని అనుమతితో, రెండు గంటలు సాధన చాలు. భూగర్భ పార్కింగుల్లోకి, ఇటలీ పాత ఊళ్లలో కెమెరాలు కాసే జెడ్‌టీఎల్ (అనుమతి లేని వాహనాలు రాకూడని) వీధుల్లోకి ట్రైలర్‌తో అసలు వెళ్లకండి. క్యాంపింగ్ స్థలంలో విప్పి, కప్లింగ్‌కు తాళం వేసి, ఊళ్లోకి బస్సులో వెళ్లండి.

కారులో పెట్టుకోవాల్సినవి: ప్రతి మనిషికీ మెరిసే జాకెట్, హెచ్చరిక త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె, ట్రైలర్ బల్బులు, చక్రాల అడ్డాలు, చేతి తొడుగులు. క్రొయేషియా దాకా పోయేవాళ్లు ట్రైలర్ ఉన్నందుకు రెండో త్రికోణం కూడా పెట్టుకోవాలి. ఈ దేశాల్లో ఎక్కడైనా అత్యవసరానికి 112.